పచ్చకొండ మీద నల్లుల వేట

ఒమాన్ వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా వీధిలో అందరూ ఎడారి ఎలా ఉంది, ఒంటె ఎక్కావా అనే అడుగుతున్నారు. ఒంటెను బస్సు కిటికీలోంచి చూశాను. ఎడారిలో కాలైనా పెట్టలేదు. నేను వెళ్ళింది జబల్ అఖ్దర్ అనే కొండమీదికి. ఆ పేరుకు పచ్చకొండ అని అర్థం. ఏప్రిల్ నెలలో కూడా పొద్దువాలితే అక్కడ స్వెట్టర్ కావాలి. నేను పట్టుకెళ్ళలేదు. ఈ ప్రయాణంలో నేను చేసిన తప్పుల్లో అది అన్నిటికన్నా చిన్నది.

నేను గుంటూరు జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. నా వెర్రి నల్లులు. మంచంలో ఉండే నల్లి ఒక్కటే కాదు, దాని చుట్టాలు చాలా ఉన్నాయి. పురుగులన్నిట్లో సూదిలాంటి నోరు గుచ్చి రసం పీల్చేవాటిది వేరే కుటుంబం. జొన్న కంకిని పట్టే కంకినల్లి, పత్తి కాయను పట్టే ఎర్ర నల్లి, ముట్టుకుంటే కంపుకొట్టే పచ్చ పురుగు, అన్నీ అందులోవే. నిజ్వా ఊళ్ళో బయాలజీ చెప్పే నా పాత స్నేహితుడు మాధవరావు ఫోన్ చేసి, "కొండమీద ప్రకృతి పార్కులో జూనిపర్ చెట్లున్నాయి. వాటిమీద ఏ నల్లులున్నాయో సర్వే చేస్తున్నాం. నీకిష్టమైన పని. రా," అన్నాడు. వెళ్ళాను.

మస్కట్ నుంచి నిజ్వా

మస్కట్లో అల్ ఖువైర్ దగ్గర బస్సు కోసం నిలబడ్డాను. చుట్టూ మంత్రిత్వ శాఖల భవనాలు, బ్యాంకులు. అందరూ కార్లలో వచ్చి కార్లలోనే పోతున్నారు. నడిచే మనిషిని నేనొక్కణ్ణే. మన దగ్గర అంత పెద్ద ఆఫీసుల ముందు కనీసం పదిమంది జిరాక్సుల వాళ్ళు, ఇద్దరు బజ్జీల వాళ్ళు ఉంటారు. అక్కడ ఎండ మాత్రమే ఉంది.

బస్సులో పక్క సీటావిడ నా చేతిలోని తెల్ల గొడుగునూ, పురుగుల్ని పీల్చి పట్టే రబ్బరు గొట్టాన్నీ చాలాసేపు చూసి, ఇక ఉండబట్టలేక అడిగింది.

"తెలుగోళ్ళేనా సార్ మీరు?"

రాజంపేట దగ్గర మనిషి. ఒక ఒమానీ ఇంట్లో పనిచేస్తోంది. ఆ ఇంటి యజమానురాలిని అక్కడి పనివాళ్ళంతా మామా అంటారట. మామా వాళ్ళమ్మ నిజ్వాలో పడకేస్తే చూసుకోవడానికి పంపారు. నేను వచ్చిన పని చెప్పాను.

"నల్లులా! వాటికోసం విమానమెక్కి వచ్చినారా? మా పాత రూముకు రాకపోతిరి, తట్టెడు ఏరిస్తా ఉంటి."

"అవి కాదమ్మా, చెట్లమీదుండేవి."

"చెట్లమీదయితే వాటి మానాన వాటిని బతకనీయండి సార్. కుట్టేవాటిని వదిలేసి కుట్టనివాటి ఎనక పడితిరే," అని నవ్వి, డబ్బా తెరిచి నిమ్మకాయ చిత్రాన్నం సగం నాకు పెట్టింది. వేరుశనగ గుళ్ళు ఏరి మరీ నావైపు తోసింది. నిజ్వాలో దిగేటప్పుడు ఆమె పేరు కూడా అడగలేదన్న సంగతి గుర్తొచ్చింది. ఈ వయసుకు నాకు పురుగుల పేర్లు అడగడం అలవాటైంది, మనుషులవి కాలేదు.

నిజ్వాలో మాధవరావు కరక్ చాయ్ ఇప్పించాడు. ఏలకులు వేసి, చిక్కగా, తీపిగా, పాలు సగమయ్యేదాకా కాచినట్టుంటుంది. కప్పు వంద బైసాలు. వెయ్యి బైసాలు ఒక రియాల్, రియాల్ అంటే మన రెండొందల పైచిలుకు. మొదటి రోజు ప్రతి కప్పునూ రూపాయల్లోకి మార్చి బాధపడ్డాను. రెండో రోజుకి మార్చడం మానేసి ఇంకో కప్పు అడిగాను.

కొండెక్కాక

కొండదారి మొదట్లోనే పోలీసులు ఆపి, నాలుగు చక్రాలూ లాగే బండేనా కాదా అని చూసి వదులుతారు. పైకి పోతున్నకొద్దీ చెవులు మూసుకుపోయాయి. ఒక మలుపు తిరగగానే లోయ అంచున మెట్లు మెట్లుగా మడులు కనిపించాయి. మడి మడికీ గులాబీలు, దానిమ్మలు, వాటి కాళ్ళు తడుపుతూ సన్నటి రాతికాలువ. గులాబీల కాలం అయిపోవస్తోంది. ఇళ్ళల్లో మట్టిపొయ్యిల మీద పూలు కాచి పన్నీరు తీస్తున్నారు. ఊరంతా పొగ వాసన, పొగలోంచి గులాబీ వాసన. మనకు పన్నీరంటే పెళ్ళిలో చిలకరించేది. అక్కడ కాఫీలో కలుపుతారు, కడుపునొప్పికి తాగుతారు, తలనొప్పికి నుదుటికి రాస్తారు. సీసా నాలుగైదు రియాళ్ళు.

మాకు బస ఇచ్చింది అబూ నాసర్. అరవై దాటిన మనిషి, నవ్వితే గడ్డం కూడా నవ్వుతుంది. తోట చివర రెండు గదులుంటే ఒకటి మాకిచ్చాడు. రెండోదాంట్లో ఉండేది ఆయన తోటమాలి గంగారాం. కోరుట్ల దగ్గర పల్లె. నన్ను చూసి ఎంత సంబరపడ్డాడో!

"సారూ, మాధవరావు సారు తెలుగోళ్ళొస్తున్నరని చెప్పిండు గాని, గింత పెద్ద మనిషి వస్తడనుకోలె. కూసోండ్రి. గోంగూర పప్పు తింటరా?"

కొండమీద గోంగూర! చివరి మడి మూలన చారెడు నేలలో వేసుకున్నాడు. తింటూ తింటూ తన కథ చెప్పాడు. ఇక్కడికి రాకముందు కొండకింద బహ్లా ఊళ్ళో, అబూ నాసర్ తమ్ముడి సైట్లో డ్యూటీ. సెంట్రింగ్ పని.

"ఎండకాలం ఇనుప చువ్వ ముట్టుకుంటే తోలు దానికే అంటుకునేది సార్. ఒక్కపారి కండ్లు తిరిగి పడ్డ. అర్బాబ్ జూసి, వీడు సైట్ల బతకడు, తోటల ఏద్దామని ఈడికి తెచ్చిండు. ఈడ నాకు ఏ సీ లేకుండనే నిద్ర వడుతది. ఇగ కిందికి దిగ. దింపితే సీదా ఊరికే పోత."

అర్బాబ్ అంటే యజమాని. ఆ మాట అంటూ గంగారాం పెద్దింటి వైపు ప్రేమగానే చూశాడు.

తలకిందుల గొడుగు

జూనిపర్ అడవి ఊరికి ఇంకా పైన. అడవి అంటే మన నల్లమల ఊహించుకోవద్దు. రాళ్ళ మధ్య ఎడంగా, మెలితిరిగి నిలబడ్డ ముసలి చెట్లు. వాటి నీడలో కూర్చుంటే కర్పూరంలాంటి వాసన. మా పద్ధతి చాలా తేలిక. తెల్ల గొడుగు తెరిచి, తలకిందులుగా కొమ్మకింద పట్టుకుని, కొమ్మను కర్రతో రెండు దెబ్బలు తట్టాలి. రాలినవాటిలో కావలసినవాటిని రబ్బరు గొట్టంతో నోటితో పీల్చి సీసాలోకి లాగాలి. మధ్యలో జాలీ ఉంటుంది కాబట్టి పురుగు నోట్లోకి రాదు. వాసన వస్తుంది. మొదటి రోజే కంపునల్లిని ఒకదాన్ని లాగాను. కుళ్ళిన కొత్తిమీర నమిలినట్టయింది. మధ్యాహ్నం వరకు ఏం తిన్నా అదే రుచి.

పిక్నిక్‌కు వచ్చిన కుటుంబం ఒకటి, వానచుక్క లేని ఎండలో గొడుగు బోర్లా కాకుండా వెల్లకిలా పట్టుకుని చెట్టును కొడుతున్న ముసలాణ్ణి చూసి, జాలిపడి, పళ్ళెం నిండా అన్నమూ మేకమాంసమూ పంపింది. ఆ మాంసం వాసనకేమో, మరెందుకో, ఒక బతికున్న మేక వచ్చి నా గొడుగులో తలపెట్టి, అప్పటిదాకా రాలినవాటిని ఆకులతో సహా నాకేసింది. మాధవరావు పడీపడీ నవ్వాడు.

"రాసుకో, రాసుకో. ఈ చెట్టు మీది నల్లులన్నిటినీ మేక సర్వే చేసింది."

అయినా చాలా దొరికాయి. జూనిపర్ కాయల్ని అంటిపెట్టుకుని బియ్యపు గింజంత గోధుమరంగువి. అడవి ఆలివ్ చిగుళ్ళలో దూది కప్పుకుని దాక్కున్నవి. రాయికింద నుంచి నన్నే కొలుస్తున్నట్టు చూసిన ముళ్ళకాళ్ళ వేటనల్లి ఒకటి. ఇన్నేళ్ళూ పుస్తకాల్లో బొమ్మలుగా చూసినవాటి బంధువులు కళ్ళముందు నడుస్తుంటే తల కొంచెం ఎత్తుకు పోయింది. ఆ ఎత్తులోనే కిందికి దిగాను.

అబూ నాసర్ తోటలో

సాయంత్రం అబూ నాసర్ నలుగురు ఇరుగుపొరుగు వాళ్ళను వెంటబెట్టుకుని మా గది దగ్గరికొచ్చాడు. ఆయన నన్ను దక్తూర్ అంటాడు. నేను డాక్టర్ని కాదు, పీహెచ్‌డీ సగంలో వదిలేశాను. దిద్దలేదు. వినడానికి బావుంది.

"దక్తూర్, మా దానిమ్మల్ని కూడా చూడండి. చిగుళ్ళు ముడుచుకుంటున్నాయి," అన్నాడని మాధవరావు చెప్పాడు.

చూశాను. ముడుచుకున్న ఆకుల మీద ఎర్రటి బుల్లి పురుగులు చకచకా పరిగెడుతున్నాయి. భూతద్దం పైన రోడ్డుమీద ఆపిన బండిలో ఉంది. తెచ్చుకోవడానికి బద్ధకించాను. పదిమంది చూస్తున్నారు. అలాంటివి మన పత్తి చేలల్లో ఎన్ని చూశాను, ఎంతమందికి పాఠం చెప్పాను! మిరిడ్ అనే నల్లి పిల్లలు. పత్తి మొగ్గల్ని గుచ్చి రాలగొట్టేవి.

"ఇదే దొంగ. రసం పీల్చేస్తోంది. ఇంత పెరిగాయంటే చాలా రోజులుగా ఎవరూ పట్టించుకున్నట్టు లేదు," అన్నాను.

చివరి మాట అనవసరం. ఎదుటి మనిషి మీద నా తెలివిని ఇంకో వేలెడు ఎత్తుకు చూపించుకోవడానికి తగిలించిన మాట అది. మాధవరావు దాన్ని కూడా మక్కీకి మక్కీ అరబిక్‌లో చెప్పాడు. ఇరుగుపొరుగు వాళ్ళు గంగారాం వైపు చూశారు. అబూ నాసర్ గడ్డంలో నవ్వు పోయింది. నాకు మాత్రం ఒక పన్నీరు సీసా బహుమానంగా ఇచ్చాడు.

మర్నాడు పొద్దున్న గంగారాం గోంగూర పప్పు తేలేదు. నేనే వెళ్ళాను. వీపుకు మందు డబ్బా కట్టుకుంటున్నాడు.

"కింది మడి ఇయ్యాల కొడుతున్న. మీది మడి రేపు. ఆదివారం నుంచి బహ్లా సైట్."

"అదేమిటి గంగారాం?"

"అర్బాబ్ జెప్పిండు. చెట్లు జూసుకోరానోనికి చెట్లెందుకన్నడు. నలుగుర్ల ఆయన ఇజ్జత్ పాయె. మీది తప్పేమున్నది సార్, ఉన్నదే అన్నరు. గా ఎర్ర పురుగుల్ని నేను చీమ పిల్లలేమో అనుకున్న." డబ్బా పట్టీ బిగించి, నవ్వే ప్రయత్నం చేశాడు. "చదువుకున్నోళ్ళ ఒక్క మాట సార్. కొండ మీదికెల్లి సీదా కిందికి."

డబ్బాలో కొమ్మ

జూనిపర్ అడవికి పోయే బదులు ఆరోజు గదిలోనే ఉన్నాను. మనసు బాగాలేక కాదు, మేక ముట్టని నమూనాలు సర్దుకోవాలని. ముందురోజు పై మడిలో కోసిన దానిమ్మ కొమ్మొకటి ప్లాస్టిక్ డబ్బాలో ఉంది. భూతద్దం చేతికందింది కాబట్టి చూశాను.

ఆకు ముడతలో పచ్చగా, మందంగా పేనుబంక గుంపు. చిగురు రసం పీలుస్తున్నది అదే. ఎర్ర పిల్ల ఒకటి దాని దగ్గరికి వెళ్ళి, సూదినోరు చాచి, పేనుబంక పొట్టలో గుచ్చింది. పేనుబంక కాళ్ళు ఆడించింది. కాసేపటికి పొట్టుగా మిగిలింది. ఎర్ర పిల్ల నోరు దులుపుకుని రెండోదాని దగ్గరికి నడిచింది.

దొంగ అన్నది కాపలావాణ్ణి. మిరిడ్ కుటుంబంలో పత్తిని గుచ్చేవీ ఉన్నాయి, వరిలో సుడిదోమ గుడ్లను తిని రైతును కాపాడేవీ ఉన్నాయి. రెండూ ఒకే పాఠంలో, ఒకే పేజీలో ఏళ్ళతరబడి చెప్పినవాణ్ణి నేను.

వెంటనే లేచి పరిగెత్తానని రాయాలని ఉంది. పరిగెత్తలేదు. తలుపు వేసుకుని కూర్చున్నాను. రెండ్రోజుల్లో వెళ్ళిపోతాను, ఇక్కడ ఎవరికి తెలుస్తుంది, గంగారాంకే తెలియదు కదా, అనుకున్నాను. పన్నీరు సీసా తిరిగి ఇవ్వాలా అని కూడా ఆలోచించాను. సిగ్గుచేటు! కింది మడిలో మందు డబ్బా చప్పుడు ఆగిపోయేదాకా ఆ ఆలోచనల్లోనే ఉన్నాను. నేను నోరు తెరిచి ఉంటే ఆ మడి దక్కేది.

మధ్యాహ్నం మాధవరావుకు చెప్పాను. వాడు తల పట్టుకున్నాడు.

"ఇవాళ శుక్రవారం. నమాజయ్యాక అందరూ అబూ నాసర్ ఇంట్లో కాఫీకి చేరతారు. అక్కడే చెబుదాం. కానీ నువ్వు తొందరపడకు. వాళ్ళు 'ఏం విశేషాలు?' అని అడుగుతారు. ఏమీ లేవు, అంతా మంచే అనాలి. ఇల్లు కాలిపోయి వచ్చినవాడైనా మొదట అదే అంటాడు. ఖర్జూరాలు తిని, కాఫీ తాగి, అందరూ అందరినీ అడగడం అయ్యాకే అసలు మాట."

ఏమీ లేవు, అంతా మంచే

పొడుగాటి గది, గోడల వెంట పరుపులు. వెళ్ళినవాడు ఒక్కొక్కరి చేయీ కలుపుతూ చుట్టూ తిరగాలి. మన ఇళ్ళల్లో చుట్టం గుమ్మంలో ఉండగానే, "ఏరా, చిక్కిపోయావు, మీ బావమరిది కేసేమైంది?" అని మొదలుపెడతాం. అక్కడ అలా కాదు. ఖర్జూరాల పళ్ళెం వచ్చింది. చెవిపోగంత చిన్న గిన్నెలో కాఫీ వచ్చింది. చాలనాలంటే గిన్నెను అటూ ఇటూ ఊపాలి. ఊపడం మరిచిపోయి ఆపకుండా తాగాను.

అబూ నాసర్ మొదటి ముసలాయన్ని అడిగాడు. ఏం వార్తలు? ఏమీ లేవు. ఏం విశేషాలు? అంతా మంచే. మీ దగ్గర? ఏమీ లేవు. తర్వాతి మనిషి. మళ్ళీ అదే. నా గుండెలో మాట పొంగివస్తోంది, గదిలో మాత్రం ఎవరికీ ఏమీ లేదు. నా వంతు వచ్చింది.

"దక్తూర్, ఏం వార్తలు?"

నాకొచ్చిన నాలుగు అరబిక్ మాటల్లో రెండు వాడేశాను. "ఫీ ఖబర్." వార్త ఉంది.

గది గడ్డకట్టింది. అబూ నాసర్ గిన్నె కింద పెట్టేశాడు. ఒకాయన మోకాళ్ళ మీదికి లేచాడు. ఇంకొకాయన ఏదో ప్రార్థన మొదలుపెట్టాడు. మాధవరావు నా మోచేయి గిల్లాడు.

"చంపావు. చావు కబురైతేనే అలా అంటారు."

"ఎవరు పోయారు?" అబూ నాసర్ నన్నే అడిగాడు, హిందీలో. మస్కట్లో కొట్టు నడిపిన రోజుల్లో నేర్చుకున్నాడట. నా దగ్గర ఇంతవరకూ ఎందుకు వాడలేదో, దక్తూర్‌కు అరబిక్ మర్యాద అనుకున్నాడో ఏమో.

మాధవరావు అందుకుని అరబిక్‌లో ఏదో మొదలుపెట్టాడు. కొత్త పరీక్షలో కొత్త సంగతి తేలింది అన్న ధోరణి, వాడి చేతులు తిప్పడంలోనే తెలిసిపోయింది. నన్ను కాపాడుతున్నాడు. ఆ కాపుదల ఎంత హాయిగా ఉందో! కానీ ఆ లెక్కన కొత్త పరీక్షకు ముందు గంగారాం తప్పు తప్పుగానే ఉండిపోతుంది.

నా గుంటూరు హిందీతోనే చెప్పాను. "ఎవరూ పోలేదు. గల్తీ నాది. చూడకుండా చెప్పాను. ఆ ఎర్ర పురుగులు మీ చెట్లను తినడం లేదు. చెట్లను తినేవాటిని తింటున్నాయి. గంగారాం తప్పేమీ లేదు."

ఎవరూ చావలేదని తెలిసి మొదట గదంతా ఊపిరి పీల్చుకుంది. తర్వాత ఒక ముసలాయన నవ్వాపుకోలేక తలపాగాలో మొహం దాచుకున్నాడు. అబూ నాసర్ నవ్వలేదు.

"కింది మడి కొట్టించేశాను," అన్నాడు.

"తెలుసు. నాకు పొద్దున్నే తెలిసింది. చెప్పలేదు."

ఆ చివరి ముక్క మాధవరావుకూ తెలియదు. నావైపు తిరిగి చూశాడు.

అబూ నాసర్ గడ్డం నిమురుకున్నాడు. తర్వాత వాకిట్లోకి కేకేశాడు. గంగారాం మందువాసనతో, తడి చేతులతో వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అబూ నాసర్ తన పక్కన చోటు చూపించి కూర్చోబెట్టాడు, ఖర్జూరాలు జరిపాడు.

"వీళ్ళందరి ముందూ అతణ్ణి అన్నారు కదా దక్తూర్," అన్నాడు నాతో. "వీళ్ళందరి ముందూ అతనికి చెప్పండి. అతని భాషలో."

చెప్పాను. తెలుగులో, మా ముగ్గురికి తప్ప ఎవరికీ అర్థంకాని మాటల్లో, గది నిండా జనం చూస్తుండగా. జీవితంలో అంత కష్టమైన పాఠం చెప్పలేదు.

గంగారాం తలొంచుకుని విన్నాడు. "మంచిగనే జెప్పిన్రు సార్. గిదే పొద్దుగాల జెప్తే గా బుడ్డ పానాలు బతుకుతుండె," అన్నాడు. అని, కాఫీ గిన్నె అందుకున్నాడు.

అబూ నాసర్ తమ్ముడికి ఫోన్ చేశాడు. సైట్‌కు వేరే మనిషిని చూసుకోమన్నాడు.

కింది మడి

మేం బయల్దేరే రోజు అబూ నాసర్ బండిదాకా వచ్చాడు. "మళ్ళీ రండి, ఎన్నాళ్ళయినా ఉండండి, ఖర్జూరాలు తినండి. చెట్ల గురించి మాత్రం మాట్లాడకండి," అన్నాడు. ఈసారి గడ్డం నవ్వింది. పన్నీరు సీసా తిరిగి ఇవ్వబోతే మరో సీసా చేతిలో పెట్టాడు.

అంతకుముందు గంగారాంతో కింది మడికి వెళ్ళాను. చెట్లకింద రాలిన ఎర్ర పిల్లలు ఎండి దుమ్ములా ఉన్నాయి. మందు ఘాటు పూర్తిగా తగ్గాక, కొత్త చిగుళ్ళు వచ్చాక, పై మడిలో ఎర్రవి ఉన్న రెమ్మలు కోసి ఇక్కడి కొమ్మలకు కట్టమని చెప్పాను. అవి మెల్లగా ఎక్కుతాయి, పెరిగి గుడ్లు పెడతాయి. ఎక్కకపోనూవచ్చు.

"ఎక్కకపోతే?"

"అప్పుడేం చెయ్యాలో నాకు తెలియదు గంగారాం."

"గిది మంచిగున్నది," అన్నాడు. "తెల్వదంటే గూడ ఇనబుద్ధయితది."

ఇంటికొచ్చిన కొన్ని వారాలకు గంగారాం ఫోన్లో ఒక వీడియో పంపాడు. కింది మడి. దానిమ్మ కొమ్మకు ఎర్రదారంతో కట్టిన ఎండు రెమ్మ, దాని పక్కన పచ్చటి చిగురు, చిగురు మీద చుక్కంత పురుగొకటి నడుస్తోంది. వెనకనుంచి అతని గొంతు. "సార్, వీడు మనోడా, పరాయోడా? జూసి చెప్పుండ్రి. తొందరేం లేదు."

పెద్దది చేసి చూశాను. ఆపి ఆపి చూశాను. మనవాడే అనిపించింది. రాయబోయి ఆగాను.

"సరిగా కనబడటం లేదు. పేనుబంక దగ్గరికి వెళ్ళి ఏం చేస్తాడో రెండ్రోజులు చూడు. అప్పుడు చెబుతాను," అని పంపాను.

కాసేపటికి జవాబు వచ్చింది. "గట్లనే సార్. ఇద్దరం జూద్దాం."